దవడ నిర్మాణం సౌందర్య చికిత్స కాదు

సంపాదకుల వారికి,

కణితి వల్ల కింది దవడలో కొంత భాగాన్ని తీసివేయవలసి వచ్చిన మా తమ్ముడికి, అతని కాలి ఎముకతోనే ఆ లోటు పూరించారు. ఆ ఖర్చుకు పెట్టుకున్న బీమా క్లెయిము ‘సౌందర్య చికిత్స’ అన్న మాటతో తిరిగివచ్చింది.

గడ్డం దగ్గర ఎముక పోతే చెడేది ముఖం తీరు ఒక్కటే కాదు. నాలుకను ముందుకు పట్టి ఉంచే కండరాలకు ఆధారం తప్పి అది గొంతు వైపు జారుతుంది, పెదవి మూతపడక చొంగ కారుతుంది, నమలడం, మింగడం, మాట్లాడడం అన్నీ దెబ్బతింటాయి. దవడను తిరిగి నిర్మించిన రెండో ఆపరేషను అయ్యేదాకా తమ్ముడు చేతిలో రుమాలు వదలలేదు. ఫోనులో అతని మాట అమ్మకు సైతం అర్థమయ్యేది కాదు.

ఎముకకు బదులు టైటానియం ప్లేటు చాలదా అని కూడా క్లెయిము తిప్పిపంపిన కాగితంలో అడిగారు. ఎముక ఊతం లేని ప్లేటు కాలక్రమంలో నమిలే ఒత్తిడికి విరగవచ్చు, చర్మాన్ని చీల్చుకుని బయటపడవచ్చు. ఖాళీ చిన్నదైతే తుంటి ఎముక ముక్క సరిపోతుంది గానీ, సుమారు 6 సెంటీమీటర్లు దాటినా, రేడియేషన్ పడిన చోటైనా, సాధారణంగా తన రక్తనాళాలను తానే తెచ్చుకునే ఎముక కావాలి. పిక్కలోని సన్నని ఎముక ఫిబులా అందుకు అనువైనది. 1989లో హిడాల్గో అనే శస్త్రవైద్యుడు దీనితో దవడను నిర్మించిన తీరును ప్రచురించిన తరువాత ఈ పద్ధతి అంతటా వ్యాపించింది. శరీర బరువులో అధికభాగం పక్కనున్న పెద్ద ఎముకే మోస్తుంది కనుక, మోకాలి వద్ద, చీలమండ వద్ద కొంత వదిలి నడుమ భాగాన్ని ధమనీ సిరలతో సహా తీసి, దవడ వంపుకు తగినట్లు కోసి, కొద్ది మిల్లీమీటర్ల వెడల్పే ఉండే ఆ నాళాలను మైక్రోస్కోప్ కింద మెడలోని నాళాలకు కుడతారు. ఆపైన తొలి రాత్రులంతా నర్సు గంటగంటకూ టార్చి వేసి, ఎముకతో పాటు కాలి నుంచి తెచ్చి నోట్లో అతికిన చర్మం రక్తప్రసరణ ఆగి రంగు మారిందేమోనని చూస్తూనే ఉంది (సౌందర్య చికిత్సకు ఇంత కాపలా ఉంటుందా?). కాలి గాయం మానడానికి, చీలమండ బిగుతు సడలడానికి నెలలు పట్టిందన్నదీ నిజమే. అందం కోసమైతే మావాడు అంత బాధకు ఒప్పుకునేవాడు కాదు.

దవడ తొలగింపును, పునర్నిర్మాణాన్ని, ఆ ఎముకపై పళ్లు అమర్చడాన్ని ఒకే చికిత్సగా బీమా పత్రాలలోను, ప్రభుత్వ వైద్యసాయం నిబంధనలలోను స్పష్టంగా రాయాలని, క్లెయిము తోసిపుచ్చే ముందు ఈ శస్త్రచికిత్స తెలిసిన వైద్యుడి లిఖితపూర్వక అభిప్రాయం తీసుకోవడాన్ని తప్పనిసరి చేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. తమ్ముడి ఎముక చక్కగా అతుక్కుంది. పళ్లు అమర్చే దశ మాత్రం ఆ కాగితం దగ్గరే ఆగి ఉంది.

ఇట్లు,
ఒక పాఠకుడు