సలహాదారుకు జీతం ఎవరిస్తున్నారు?

సంపాదకులకు,

అప్పుల్లో కూరుకుపోయినవారు లాభాపేక్ష లేని రుణ సలహా కేంద్రాలను ఆశ్రయించాలని సూచిస్తూ మీరు ప్రచురించిన వ్యాసం చదివాను. సూచన మంచిదే. అయితే ‘లాభాపేక్ష లేదు’ అన్న మాట దగ్గరే వ్యాసకర్త తృప్తిపడి ముందుకు వెళ్లిపోయారు. నేను ఒక బ్యాంకులో మొండి బాకీల విభాగంలో చాలా ఏళ్లు పనిచేసి విరమించినవాడిని. బల్లకు అవతలి వైపు కూర్చుని చూసింది కొంత చెప్పాలనిపించింది.

వాయిదాలు తప్పిన ఖాతాదారులను మేమే సలహా కేంద్రానికి పంపేవాళ్లం. జాలితో కాదు. అక్కడ ఓపికగా కూర్చోబెట్టి రాబడి, ఖర్చు, బాకీలు అన్నీ ఒక కాగితం మీద రాయిస్తారు. మాతో మాట్లాడి వడ్డీ కొంత తగ్గింపజేస్తారు. ఎవరెవరికో విడివిడిగా కట్టే బదులు నెలకు ఒకే మొత్తం కట్టేలా పథకం వేస్తారు. మూడు నుంచి అయిదేళ్లలో బాకీ తీరుతుంది. మనిషి దివాలా తీస్తే మాకు దక్కేదానికంటే ఇది ఎంతో నయం. అందుకే వసూలైన దానిలో కొంత వాటా కేంద్రానికి తిరిగి ఇచ్చేవాళ్లం. ఆ వాటా సంగతి అక్కడికి వెళ్లిన మనిషికి ఎవరైనా చెప్పారా అని నేను ఒక్కసారి కూడా అడగలేదు. ఇప్పుడది మనసులో ముల్లులా ఉంది.

వాటా ఇవ్వడమే పాపమని అనను. అమెరికాలో ఇలాంటి కేంద్రాల జాతీయ సమాఖ్య 1951లోనే ఏర్పడింది. అప్పులిచ్చిన సంస్థల సొమ్ముతోనే అక్కడి కేంద్రాలు ఎక్కువగా నడిచాయి, ఎందరో ఒడ్డున పడ్డారు కూడా. చిక్కల్లా ఒక్కటే: పథకం కుదిరితేనే కేంద్రానికి డబ్బు. ఏ పథకమూ మోయలేనంత బాకీ ఉన్నవాడికి ‘ఇది మీకు పనికిరాదు, దివాలా చట్టం కింద రక్షణ కోరండి’ అని చెబితే పైసా రాదు. తన రాబడికి గండి పడుతుందని తెలిసీ ఆ మాట చెప్పేవారు ఎంతమంది ఉంటారు?

అమెరికాలో ఇది ఎంత దూరం వెళ్లిందంటే, అమెరిడెట్ అనే సంస్థపై 2003లో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దావా వేయవలసి వచ్చింది. లాభాపేక్ష లేదని చెప్పుకుంటూనే, అప్పు తీరుతుందనుకుని జనం కట్టిన తొలి వాయిదాను తన రుసుముగా మినహాయించుకుందన్నది అభియోగం. ఇంకా విచిత్రం 2006లో బయటపడింది. అక్కడి పన్నుల శాఖ తనిఖీ పూర్తిచేసిన 41 సలహా సంస్థల్లో ఒక్కటీ నిలబడలేదు. అన్నింటికీ పన్ను మినహాయింపు రద్దు చేయడమో, రద్దుకు ప్రతిపాదించడమో జరిగింది. ఆ రంగం మొత్తం రాబడిలో 40 శాతానికి పైగా వాటిదే. అదే ఏడాది చట్టం మార్చారు. రుసుము ఇచ్చుకోలేనివారికి సలహా నిరాకరించకూడదని, ఇలాంటి పథకాల మీద రుణదాతలిచ్చే సొమ్ము సలహా కేంద్రం రాబడిలో సగానికి మించకూడదని నియమం పెట్టారు. సగం కూడా నా దృష్టిలో ఎక్కువే.

బ్రిటన్ పద్ధతి నాకు మెరుగ్గా కనిపిస్తుంది. అక్కడ ఉచిత రుణ సలహాకు అయ్యే ఖర్చులో గణనీయమైన భాగం ఆర్థిక సంస్థలపై వేసే సుంకం నుంచి వస్తుంది. డబ్బు రుణదాతలదే, కానీ ఏ మనిషి ఎంత కట్టాడన్న లెక్కతో దానికి ముడి లేదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2021 మే నుంచి అప్పులవారికి 60 రోజుల ఊరట ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది. ఆ గడువులో చాలా బాకీల మీద వడ్డీ, అపరాధ రుసుములు, వసూలు చర్యలు ఆగిపోతాయి. ఆ తలుపు తీసేది రుణ సలహాదారే. తాళం చెవి చేతిలో ఉన్న మనిషి ఎవరి జీతగాడన్నది చిన్న విషయమా?

ఇక ఆర్థిక అక్షరాస్యత తరగతుల గురించి. నేను చూసినవన్నీ పొదుపు మీద ఉపన్యాసాలే. చేతులు కాలాక వచ్చినవారికి ఆకుల గొప్పతనం చెప్పడం. అప్పు తీసుకోకముందే ఒక్క లెక్క వేయించి చూడండి. కార్డు మీద బాకీ 100 అనుకుందాం, వడ్డీ నెలకు 3 శాతం. ప్రతి నెలా అప్పటికి ఉన్న బాకీలో 5 శాతమే ‘కనీస చెల్లింపు’గా, కొత్తగా ఏమీ కొనకుండా, ఏడాది పాటు తప్పకుండా కడితే చేతి నుంచి దాదాపు 55 పోతుంది. బాకీ ఇంకా 77 మిగిలే ఉంటుంది. ఈ లెక్కను నేను ఖాతాదారులకు ఎన్నడూ చెప్పలేదు. చెప్పమని మా పైవారూ అనలేదు, అనరు కూడా.

మీకు ఒక విన్నపం. ఆ వ్యాసం చివర సలహా సంస్థల జాబితా ఇచ్చారు. దాన్ని మరోసారి ప్రచురిస్తే, ఒక్కొక్క పేరు పక్కన ఆ సంస్థకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో కూడా అడిగి వేయండి. చెప్పడానికి ఇష్టపడని సంస్థ ఉంటే ఆ సంగతే వేయండి.

భవదీయుడు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి