మేత రిపోర్టులో గంటలు కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ వ్యవసాయ పేజీలో పశుగ్రాసం గురించి ఏది వచ్చినా ప్రొటీన్ ఎంత, పీచు ఎంత అన్న దగ్గరే ఆగిపోతోంది. ఆ పీచులో ఆవుకు అరిగేది ఎంత అన్నది మాత్రం రావడం లేదు. పాడి చేసేవాళ్లకు అసలు కావలసింది అదే, అందుకే ఈ ఉత్తరం.

ల్యాబ్ రిపోర్టులో ఎన్‌డీఎఫ్ అని ఉంటుంది కదా, అంటే మేతలోని మొత్తం పీచు, అది కొలవడం 1960లలో పీటర్ వాన్ సోయెస్ట్ అనే శాస్త్రవేత్త తెచ్చిన పద్ధతి. మేత పొడిని డిటర్జెంట్ ద్రావణంలో మరిగిస్తే కణాల లోపలిదంతా కరిగిపోయి సెల్యులోజ్, హెమిసెల్యులోజ్, లిగ్నిన్ అనే పీచు పదార్థాలు మిగులుతాయి. మంచి పరీక్షే, కాదనను. కానీ పీచు ఎంత ఉందో చెబుతుందే తప్ప ఎంత అరుగుతుందో చెప్పదు. రెండు వేర్వేరు మేతల్లో ఎన్‌డీఎఫ్ 50 శాతమే ఉన్నా, ఒకటి లేతగా కోసింది, ఇంకోటి ముదిరాక కోసింది అయితే ఆవు పొట్టలో ఆ రెండూ ఒకటి కావు. ముదిరేకొద్దీ లిగ్నిన్ పెరిగి, పొట్టలో పీచును అరిగించే సూక్ష్మజీవులను పీచు మీద పని చేయనివ్వదు, అరగని పీచు పెద్ద పొట్టలో చోటంతా ఆక్రమించుకుంటే ఆవు ఇంకా మేయాలన్నా మేయలేదు. 1999లో ఒబా, అలెన్ అనే పరిశోధకులు ఎన్నో ప్రయోగాల ఫలితాలు కలిపి చూస్తే, పీచు అరుగుదల ఒక్క శాతం పెరిగినప్పుడు ఆవు రోజుకు దాదాపు 170 గ్రాముల పొడి మేత ఎక్కువ తిని, 4 శాతం వెన్న లెక్కన పావు కిలో పాలు ఎక్కువ ఇచ్చినట్టు తేలింది. ఇది చిన్న విషయం కాదండీ.

అరుగుదలను ల్యాబులో కొలిచేటప్పుడు ఆవు పెద్ద పొట్టలోని ద్రవం తీసి, 39 డిగ్రీల దగ్గర, గాలి తగలకుండా మేత పొడితో కలిపి ఉంచుతారు. ఎన్ని గంటలు అన్నదే ఇక్కడ కీలకం. 48 గంటలు ఉంచితే అంకె బ్రహ్మాండంగా వస్తుంది, కానీ బాగా పాలిచ్చే ఆవు ఎక్కువ తింటుంది కాబట్టి మేత దాని పొట్టలో అంతసేపు నిలవదు, అందుకే చాలామంది 30 గంటల అంకె చూస్తారు. లూసర్న్ అనే పప్పుజాతి మేత పీచు తొందరగా అరిగి, అరగనిది ఎక్కువ మిగులుస్తుంది. గడ్డి జాతి మేతల పీచు నిదానంగా అరిగినా మొత్తం మీద ఎక్కువే అరుగుతుంది. ఒక్క అంకెతో ఈ తేడా ఎలా తెలుస్తుంది? పైగా ఆ ద్రవం ఇచ్చిన ఆవు ఏం తిన్నదో దాన్ని బట్టి కూడా ఫలితం మారుతుంది కాబట్టి ఒక ల్యాబ్ అంకెను ఇంకో ల్యాబ్ అంకెతో పోల్చకూడదు.

ఆవులో నిజంగా ఏం జరుగుతోందో తెలియాలంటే పేడనూ చూడాలి. 240 గంటలు ఉంచినా అరగని పీచు ఆవు కడుపులోనూ అరగదు, అలాగే పేడలోకి వచ్చేస్తుంది, అదే మనకు గుర్తు. ఉదాహరణకు ఆవు తిన్నది మేత, దాణా కలిపి పొడి లెక్కన 100 కిలోలు, అందులో ఈ అరగని పీచు 10 కిలోలు, మొత్తం పీచు 40 కిలోలు అనుకుందాం. ఎండబెట్టిన పేడలో అరగని పీచు 25 శాతం ఉందంటే, ఆ 10 కిలోలే పేడలో నాలుగో వంతు కాబట్టి పొడి పేడ 40 కిలోలు వచ్చినట్టు. అందులో మొత్తం పీచు 55 శాతం ఉంటే 22 కిలోలు బయటికి పోయినట్టు, 40లో 18 అరిగింది, అంటే 45 శాతం. పేడంతా ఎత్తి తూచే పనే లేదు, రోజులో వేర్వేరు వేళల్లో తీసిన నమూనాలు కలిపి పంపితే చాలు.

ల్యాబులో మేత బాగా అరిగి, ఆవులో అరగలేదంటే తప్పు మేతది కాదు. దాణా ఎక్కువై పెద్ద పొట్టలో పులుపు పెరిగి, పీహెచ్ 6 కంటే కిందికి పడితే పీచు అరిగించే సూక్ష్మజీవులు చల్లబడిపోతాయి. అప్పుడు మేత మార్చి లాభం లేదు, దాణా సరిచేయాలి.

ల్యాబులవాళ్లను నేను అడిగేది ఒక్కటే: అరుగుదల శాతం పక్కన ఎన్ని గంటలకో వేయండి, అదే విడతలో పెట్టిన ప్రామాణిక నమూనాకు, అంటే అరుగుదల ముందే తెలిసిన మేతకు, ఎంత వచ్చిందో కూడా వేయండి. మీరు ఈసారి మేతల గురించి వ్యాసం వేసేటప్పుడు పశుపోషణ నిపుణుల చేత ఆ పేడ లెక్కను వివరంగా రాయించగలరు.

ఇట్లు,
ఒక పాడి రైతు