అన్నం మొదలెట్టాక బిడ్డ దొడ్డి మారితే అది జబ్బు కాదు

సంపాదకులకు నమస్కారం.

పసిపిల్లల ఆరోగ్యం మీద పత్రికల్లో వచ్చే చిట్కాల్లో ‘మలబద్ధకానికి తేనె’, ‘పొద్దున్నే కాస్త ఆముదం’ ఇంకా కనిపిస్తున్నాయి. ఏడాది నిండని బిడ్డ విషయంలో ఈ రెండూ అచ్చు వేయదగ్గవి కావు. అయితే చిట్కాలను మాత్రమే తప్పుపట్టి లాభం లేదు. అన్నప్రాశన అయిన కొద్ది రోజులకే బిడ్డ దొడ్డి రంగు, వాసన, చిక్కదనం మారిపోతాయని తల్లికి ముందుగా చెప్పేవాళ్లు ఉండరు. మామూలు మార్పును జబ్బనుకుని ఇంట్లో వైద్యం మొదలెడతారు. నిజంగా జబ్బు చేసినప్పుడేమో ‘పళ్లొస్తున్నాయిలే’ అని వదిలేస్తారు. కోనసీమలోనూ, గోదావరికి అవతల పాలకొల్లు, భీమవరం వైపూ ఇదే తంతు.

తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డ దొడ్డి పసుపుపచ్చగా, పలచగా, సన్న నూకల్లాంటి రేణువులతో ఉంటుంది. పెద్దగా వాసన ఉండదు. రోజుకు ఆరేడుసార్లు వెళ్లినా, నెలన్నర దాటాక వారానికి ఒక్కసారే వెళ్లినా, మెత్తగా వస్తూ బిడ్డ బరువు పెరుగుతున్నంతకాలం రెండూ మామూలే. పోతపాల బిడ్డకు మొదటి నుంచీ కొంచెం చిక్కగానే ఉంటుంది. అన్నం, పప్పు, కూర లోపలికి వెళ్లడం మొదలయ్యాక పేగులో ఉండే సూక్ష్మజీవుల కూర్పే మారిపోతుంది. దాంతో దొడ్డి గోధుమ రంగుకు తిరిగి ముద్దగా వస్తుంది, పెద్దవాళ్లదిలాగే వాసన వేస్తుంది. వాసన పెరిగిందంటే అజీర్తి చేసిందని కాదు.

రంగు చూసి భయపడేవాళ్లే ఎక్కువ. తోటకూర, పాలకూర పెడితే ఆకుపచ్చగా, క్యారెట్, గుమ్మడికాయ పెడితే నారింజ రంగులో, బీట్‌రూట్ పెడితే ఎర్రగా వస్తుంది. బీట్‌రూట్ తిన్న మర్నాడు మూత్రం కూడా గులాబీ రంగులో రావచ్చు. ఆకుపచ్చగా వెళ్లగానే దిష్టి అనో, చలవ చేసిందనో అంటారు. ముందు రోజు ఏం పెట్టారో గుర్తు చేసుకుంటే చాలాసార్లు జవాబు అందులోనే దొరుకుతుంది. టమాటా తొక్క, బఠాణీ పొట్టు, పప్పు గింజ అలాగే బయటికి రావడమూ సహజమే. అవి నమలడానికి దవడ పళ్లు లేవు, అరిగించే శక్తి ఇంకా పూర్తిగా రాలేదు. మెత్తగా నలిపి పెడితే తగ్గుతుంది.

మన వైపు మరీ ఎక్కువగా పొరబడేది అరటిపండుతో. పండు మధ్యలో ఉండే సన్నటి పోగులు అరగకుండా నల్లటి దారాల్లా బయటికి వస్తాయి. వాటిని పురుగులనుకుని మందుల షాపుకు పరుగెత్తుతారు. దారం కదలకపోతే, ముందు రోజు చక్కరకేళి తినిపించి ఉంటే అది పురుగు కాదు. జాతీయ కార్యక్రమంలో నులిపురుగుల మాత్ర ఏడాది నిండిన పిల్లలకే ఇస్తారు. అప్పుడు కూడా రెండేళ్ల లోపు వారికి సగం మాత్రే, అంటే 200 మిల్లీగ్రాములు. అలాగే ఆరు నెలలు నిండిన పిల్లలకు ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు ఒక్కో మిల్లీలీటరు వేస్తున్నప్పుడు దొడ్డి నల్లగా, ముదురాకుపచ్చగా మారుతుంది. అది చూసి సిరప్ ఆపేయనక్కర్లేదు. ఐరన్ వేయని బిడ్డకు తారులా నల్లగా, జిగురుగా వస్తే మాత్రం అది పైపేగులోంచి వచ్చిన రక్తం కావచ్చు. ఆ రోజే చూపించాలి.

ఇక అన్నప్రాశన సమయం. మగపిల్లలకు సరి నెలల్లో, ఆడపిల్లలకు బేసి నెలల్లో చేసే ఆనవాయితీ వల్ల ఆడపిల్లకు అయిదో నెలలోనే అన్నం మొదలైపోతోంది. మగపిల్లాడికి ఆరో నెల అన్నా, నడుస్తున్న ఆరో నెల అంటే నిండింది అయిదే. వేడుకకు అడ్డు చెప్పాల్సిన పని లేదు. పాయసం నాలుక్కి తాకించి, రోజూ తిండి పెట్టడం మాత్రం ఆరు నెలలు నిండాకే మొదలెట్టవచ్చు. ఆడపిల్లకు ఏడో నెలకు ముహూర్తం పెట్టించుకుంటే ఏ ఇబ్బందీ లేదు.

మలబద్ధకం అంటే ఏమిటో తేల్చుకోకుండానే మందు వేసేవాళ్లు చాలామంది. రెండు మూడు రోజులు వెళ్లకపోవడం ఒక్కటే మలబద్ధకం కాదు. ముఖం ఎర్రగా చేసుకుని పది నిమిషాలు ముక్కి, ఏడ్చి, చివరికి మెత్తగా వెళ్లాడంటే అదీ కాదు. కడుపు బిగించేటప్పుడు కింద కండరాలు వదలాలన్న పొందిక తొమ్మిది నెలల లోపు పిల్లల్లో కొందరికి ఇంకా కుదరదు, దానంతటదే కుదురుతుంది. మేక పెంటికల్లా గట్టిగా, విడివిడిగా వచ్చినా, వెళ్లేటప్పుడు నొప్పితో గిలగిలలాడినా, గట్టి దొడ్డి మీద ఎర్రటి నెత్తుటి చార కనిపించినా అది మలబద్ధకం.

దానికి కారణాలు మన వంటింట్లోనే ఉన్నాయి. వరి పండే నేల కాబట్టి మొదటి ముద్ద నుంచి చివరి ముద్ద దాకా తెల్ల మెత్తన్నమే. పాలిష్ పట్టిన బియ్యంలో పీచు దాదాపు ఉండదు. దానికి తోడు సగ్గుబియ్యం జావ, సరిగా పండని అరటిపండు, పాలలో నానేసిన మారీ బిస్కెట్లు. వీటితో కడుపు నిండిపోయి బిడ్డ తల్లిపాలు తగ్గిస్తుంది. నీళ్లా, ఇవ్వరు. అన్నిటికంటే పెద్ద తప్పు గేదెపాలు. నీళ్లు కలిపి పలచన చేశామంటారు. దానితో సత్తువ పలచబడుతుందే తప్ప, ఆ పాలు బిడ్డకు సరిపడేవి కావు. ఆవుపాలైనా గేదెపాలైనా ఇనుము నామమాత్రం. ఆవుపాలతో కొందరు పిల్లల పేగుల్లోంచి కంటికి కనిపించనంత రక్తం పోవడమూ ఉంది. ఏడాది నిండేవరకు వీటిని తాగే పాలుగా ఇవ్వకూడదు.

మార్చాల్సింది పళ్లెంలో ఉన్నదాన్నే. రెండు పెద్ద చెంచాల బియ్యం, ఒక పెద్ద చెంచా చాయపెసరపప్పు కడిగి, ఒక గ్లాసు నీళ్లతో మూడు నాలుగు విజిల్స్ ఎక్కువే రానిచ్చి, పప్పుగుత్తితో మెదిపి, ఒక చిన్న చెంచా నెయ్యి వేయాలి. ఒక పూట సొరకాయో గుమ్మడికాయో, ఒక పూట తోటకూర ఆకులు అందులోనే ఉడికించాలి. చెంచా వంచితే నీళ్లలా జారిపోకూడదు, ముద్దగా నిలవాలి. పలచగా ఉంటే అరుగుతుందన్నది అపోహ. పలచటి జావతో పొట్ట నిండుతుంది గాని బలం అందదు. మొదట్లో పూటకు రెండు మూడు పెద్ద చెంచాలు, రోజుకు రెండు పూటలు చాలు. ఎనిమిదో నెల నిండేసరికి పూటకు అరకప్పు, అంటే 125 మిల్లీలీటర్ల దాకా, రోజుకు రెండు మూడు పూటలకు రావాలి. కొత్త పదార్థం ఏదైనా రెండు మూడు రోజులు అదొక్కటే కొత్తగా పెట్టి చూడాలి. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం మంచిదే గాని, అందులో గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర కలిసి ఉంటాయి. మొట్టమొదటి ముద్దే అదైతే, పడకపోతే దేనికి పడలేదో తెలియదు.

దొడ్డి గట్టిపడితే బాగా మగ్గిన బొప్పాయి రెండు మూడు చెంచాలు, తొక్క మీద చుక్కలు పడిన చక్కరకేళి, రాత్రి నానబెట్టి మెత్తగా నూరి వడకట్టిన ఎండుద్రాక్ష పెట్టి చూడాలి. కాచి చల్లార్చిన నీళ్లు భోజనంతో పాటు గిన్నెతో గుక్క గుక్కగా, రోజు మొత్తానికి 60 నుంచి 120 మిల్లీలీటర్లు. అంతకు మించితే పాలకు చోటుండదు. నాలుగైదు రోజుల్లో మెత్తబడకపోతే దొడ్డిని మెత్తబరిచే లాక్టులోజ్ సిరప్ డాక్టరు రాస్తారు. మోతాదు బరువును బట్టి ఉంటుంది కాబట్టి పక్కింటి బిడ్డ సీసా తెచ్చి వేయకూడదు.

ఇప్పుడు ఆ చిట్కాల సంగతి. తేనెలో క్లాస్ట్రీడియం బొట్యులినం అనే సూక్ష్మజీవి బీజాలు ఉండవచ్చు. ఇంట్లో వేడి చేసినంత మాత్రాన చావవు. ఏడాది లోపు పేగులో అవి మొలకెత్తి నరాల మీద పనిచేసే విషం తయారుచేస్తాయి. అరుదే, కానీ ఆ జబ్బులో తరచూ ముందు కనిపించేది మలబద్ధకమే. తర్వాత పాలు చీకే బలం, ఏడుపు, కనురెప్పలు నీరసిస్తాయి. అంటే మలబద్ధకానికి తేనె నాకించడం ఎంత తలకిందుల పనో చూడండి. ఆముదం పేగును మెలిపెట్టి విరేచనాలు చేయిస్తుంది, ఒంట్లో నీరు లాగేస్తుంది. ఏడుస్తున్న బిడ్డ నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. నూనె వల్ల వచ్చే ఆ న్యుమోనియా యాంటీబయాటిక్స్‌కు లొంగదు. ఇక ఆముదం రాసిన తమలపాకు కాడ, సబ్బు ముక్క కింద పెట్టడం. దొడ్డి వస్తుంది, నిజమే. కానీ సబ్బు లోపలి పొరను మండిస్తుంది, కాడ గీరుతుంది. చీలిక పడితే నొప్పికి భయపడి బిడ్డ దొడ్డిని బిగబట్టుకుంటుంది, దొడ్డి ఇంకా గట్టిపడుతుంది.

పళ్లు రావడం వల్ల నీళ్ల విరేచనాలు కావు. పళ్లొచ్చే నెలల్లోనే బిడ్డ పాకడం, దొరికినదల్లా నోట్లో పెట్టుకోవడం మొదలవుతుంది. తల్లి నుంచి వచ్చిన రక్షణ తగ్గేదీ అప్పుడే. మామూలు కంటే పలచగా రోజుకు మూడుసార్లు, అంతకు మించి వెళితే అది విరేచనాలే. డెల్టాలో నీళ్ల సంగతి అందరికీ తెలిసిందే. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక కాలువలు కట్టేస్తే మంచినీళ్ల చెరువులు అడుగంటుతాయి, వరదల్లో బోర్లు, పైపులు మునుగుతాయి. టిన్ను నీళ్లైనా ఒక నిమిషం తెర్లే దాకా కాచాలి. టిన్ను మూత తీసి అందులో గ్లాసుతో చెయ్యి ముంచాక అవి ఎంత శుద్ధి చేసిన నీళ్లైనా ఒకటే. పొద్దున వండిన మెత్తన్నం సాయంత్రం వేడి చేసి పెట్టకూడదు. ఉడికినా చావని బీజాలు అన్నంలో ఉంటాయి, గది వేడిలో పెరిగి అవి వదిలే ఒక రకం విషం మళ్లీ కాచినా పోదు. రెండు గంటల్లో తినిపించాలి, మిగిలితే పారేయాలి. పాలసీసా కంటే ఉగ్గుగిన్నె మేలు, కడిగితే శుభ్రపడుతుంది.

విరేచనాలు పట్టుకుంటే తల్లిపాలు, అన్నం ఆపకూడదు. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒకేసారి కలపాలి. గ్లాసులో కొంచెం కొంచెం కలిపితే ఉప్పు ఎక్కువై బిడ్డకు ప్రమాదం. దొడ్డికి వెళ్లిన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు చెంచాతో పట్టాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ నెమ్మదిగా. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. కొబ్బరిబొండాం మనకు ఎంత ప్రియమైనా ఓఆర్‌ఎస్‌కు బదులు కాదు, అందులో సోడియం చాలదు. ఓఆర్‌ఎస్ పేరు తగిలించుకున్న తియ్యటి పానీయాల మీద ఆ మాట వాడొద్దని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. కొనేటప్పుడు ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూడాలి. ఆరు నెలలు దాటిన బిడ్డకు జింకు 20 మిల్లీగ్రాముల మాత్ర చెంచాడు తల్లిపాలలో కరిగించి రోజుకొకటి, 14 రోజులు. మూడో రోజుకే విరేచనాలు కట్టినా ఆపొద్దు. పెద్దవాళ్లకు వాడే ‘కట్టే’ మాత్ర పసివాళ్లకు వేయకూడదు, పేగు కదలికే ఆగిపోతుంది.

ఒక్క జబ్బు మాత్రం గంటలతో పని. పేగులో పేగు దూరడం ఎక్కువగా నాలుగు నుంచి పది నెలల మధ్యే, అంటే సరిగ్గా అన్నం మొదలైన రోజుల్లోనే వస్తుంది. పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒకసారి బిడ్డ కాళ్లు పొట్టకు ముడుచుకుని కెవ్వుమంటుంది, మధ్యలో వాడిపోయి పడుకుంటుంది, వాంతులవుతాయి. నెత్తురూ జిగటా కలిసిన ఎర్రటి ముద్ద వెళ్లేసరికి అప్పటికే ఆలస్యమై ఉంటుంది. అది రాకముందే స్కానింగ్, పిల్లల సర్జన్ ఉన్న ఆసుపత్రికి చేరితే చాలామందికి కోత లేకుండా, మలద్వారం గుండా పంపే గాలితోనో సెలైన్‌తోనో సరిచేయగలరు. వాంతి ఆకుపచ్చగా ఉన్నా, సున్నంలా తెల్లటి దొడ్డి వస్తున్నా, కళ్లు లోతుకు పోయినా, ఆరు గంటలుగా మూత్రం రాకపోయినా తెల్లారేదాకా ఆగకూడదు.

మీ పత్రికకు ఒక విన్నపం. పసిపిల్లల పేజీలో తేనె, ఆముదం చిట్కా వచ్చిన రోజే దాని పక్కన ‘ఏడాది నిండేవరకు వద్దు’ అని కూడా వేయండి. పాఠకులకు ఒక సూచన. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు దొడ్డిని మాటల్లో వర్ణించడం కష్టం. డైపరునో గుడ్డనో పగటి వెలుతురులో ఫోనుతో ఫొటో తీసి, గత రెండు రోజుల్లో ఏమేం పెట్టారో, ఏ మందు వేశారో కాగితం మీద రాసి తీసుకెళ్లండి.

— పిల్లల వైద్యుడు, అమలాపురం