అమ్మ నిద్ర గురించి

లీడ్స్,
2 నవంబరు 2014

అక్కా,

కిటికీ రెక్క కొట్టుకున్నా అమ్మ ఉలిక్కిపడి లేస్తోందన్నావు. హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకిన నాడు గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలి. మధ్యలో తుఫాను కన్ను ఊరి మీదికొచ్చి గాలి ఆగింది. హమ్మయ్య అనుకునేలోగా ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడింది. ఇప్పుడు నిశ్శబ్దాన్ని కూడా ఆవిడ ఒళ్ళు నమ్మకపోవడంలో వింతేముంది? “ఏం కాదులే” అంటే ఆ భయం వినదు.

లేచినప్పుడు లైటు వెయ్యి. పాదాలు రెండూ నేలకి ఆనించి కూర్చోబెట్టు. నాలుగు లెక్కపెట్టేదాకా ముక్కుతో పీల్చి, ఆరు లెక్కపెట్టేదాకా మెల్లగా వదలమను. అలా 5 నిమిషాలు. చాలామంది కంగారులో గబగబా పీలుస్తారు; దాంతో తల తిరిగి, వేళ్ళు తిమ్మిరెక్కి, భయం రెట్టింపవుతుంది. పగలు కూడా రెండుసార్లు చేయించు, అలవాటు లేనిది అర్ధరాత్రి గుర్తురాదు. కళ్ళు మూస్తే ఆ రోజే కనబడుతోందంటే కళ్ళు తెరిచే చెయ్యమను.

పరామర్శకొచ్చిన ప్రతివాళ్ళూ “ఆ రోజు ఏమైందమ్మా?” అని మొదట్నుంచీ చెప్పించకుండా చూడు. తనంతట తాను చెబితే విను, ఆపితే తవ్వకు. టీవీలో ఆ దృశ్యాలొస్తే కట్టెయ్యి. అవి పాతవని బుజ్జిగాడికి తెలీదు, తుఫాను మళ్ళీ వచ్చిందనుకుంటాడు. పక్క తడిపితే తిట్టకుండా దుప్పటి మార్చు. అన్నం, స్కూలు, నిద్ర పాత వేళలకే.

మందుల షాపులో నిద్రమాత్రలు కొనకు. ఇలాంటి భయానికి మొదటి నెలలో ఆల్ప్రాజోలం రకం మాత్రలు ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే చెప్పింది. పైగా అమ్మ వయసులో ఆ మత్తులో లేచి పడితే తుంటి ఎముక విరగొచ్చు. బావ రాత్రి పెగ్గుకీ ఇదే మాట: త్వరగా నిద్రపట్టినా తెల్లవారుజామున మెలకువొచ్చేస్తుంది. నేనన్నానని చెప్పు.

ఈ 12కి తుఫానొచ్చి నెలవుతుంది. అప్పటికి నిద్ర కొంచెమైనా కుదుటపడుతుంటే చాలు. పీడకలలు తగ్గకపోయినా, బీచ్ రోడ్డు వైపే రానన్నా, వంటింట్లో అడుగుపెట్టకపోయినా చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలకి తీసుకెళ్ళు. పేరు వినగానే వద్దంటుంది. అయినా వేరే ఆసుపత్రని అబద్ధం చెప్పి మాత్రం తీసుకెళ్ళకు, రెండోసారి రాదు. “ఎందుకీ బతుకు” అందంటే 12 దాకా ఆగొద్దు, ఆ రోజే వెళ్ళండి.

ఈ నెలలో మళ్ళీ అల్పపీడనం వార్తలుంటాయి. వాతావరణ శాఖ బులెటిన్ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూస్తే చాలు. టార్చి, బీపీ మాత్రలు, కాగితాలు సంచిలో సర్దే పని అమ్మకే అప్పగించు.

నువ్వెంతసేపు పడుకుంటున్నావో ఒక్కసారీ చెప్పలేదు. రాయి.

నీ తమ్ముడు