ఆ బీరువా తాళం తీయించండి సార్

వ్యవసాయ శాఖ మంత్రిగారికి,

పత్తికొండ వైపు మూడెకరాల్లో టమోటా పెట్టే రైతు నమస్కరించి రాసుకునేది.

సోమవారం సోమవారం ఇచ్చిన అర్జీలు నాలుగయ్యాయి. నాలుగోదానికి ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, 'మీ సమస్య పరిష్కారమైంది' అని. సమస్య నాది, పరిష్కారమైన సంగతి నాకే తెలీలేదు. అందుకే ఈ ఉత్తరం.

పురుగును పసిగట్టే ఆ చేతి మిషన్ గురించి తమకు నేను చెప్పేదేముంది. పోయిన ఖరీఫ్‌లో నా మడిలోనే చూపించారు. పురుగు కొరికితే చెట్టు ఒకరకం వాసన వదులుతుందట, మన ముక్కుకు అందనిది దానికి అందుతుందట. చాలు వెంబడి నడుస్తుంటే ఒకచోట ఎర్రలైటు వెలిగింది. ఆ ఆకు తెంపి ఎండకు పట్టి చూస్తే రెండు పొరల మధ్య సన్నటి పురుగు మెదులుతోంది. 'ఇంకో రెండు చాళ్లు చూడండి సార్' అంది మా ఆవిడ. అప్పటికే ఫొటోలు అయిపోయాయి. మిషన్ మీ ఊరి రైతు కేంద్రంలోనే ఉంటుంది, ఎప్పుడైనా వాడుకోండి అని మైకులో చెప్పి వెళ్లారు.

ఉంది సార్, అబద్ధమెందుకు. బీరువాలో ఉంది. మొదటిసారి పోతే తాళంచెవి మండలంలో ఉందన్నారు. రెండోసారి చార్జర్ లేదన్నారు. మూడోసారికి చార్జర్ వచ్చింది గానీ, ట్రైనింగ్ తీసుకున్నాయన బదిలీ అయిపోయాడు. అద్దంలోంచి చూశాను, కొత్త టీవీ రిమోట్‌కు చుట్టినట్టు దానికి కవరు చుట్టి పెట్టారు. అక్కడుండే ఉద్యాన సహాయకురాలు చిన్నపిల్ల, నన్ను చూస్తే తల దించుకుంటుంది. దయచేసి ఆ అమ్మాయిని ఏమీ అనకండి.

మేం ఊజి అనే ఆ పురుగు దక్షిణ అమెరికాలో పుట్టి, 2014లో మన దేశంలో కనపడి, మా మడి దాకా వచ్చింది. మిషన్‌కేమో బీరువా నుంచి మడికి రావడం కుదరడం లేదు. ఒక్కో ఆడపురుగు 260 దాకా గుడ్లు పెడుతుంది. ఆకు లోపల కూర్చున్నదానికి పైన కొట్టిన మందు సరిగా తగలదు. ఎక్కడ మొదలైందో ముందే తెలిస్తే ఆ ఆకులు గిల్లి కాల్చేస్తాం. తెలీదు కాబట్టి మూడెకరాలూ కొట్టాలి. అంగడాయన ఒక మందు అడిగితే మూడు చేతిలో పెడతాడు. అన్నీ కొట్టాను. మండీలో వ్యాపారి కాయ తొడిమ దగ్గర సూదిమొనంత చిల్లి చూసి, బొటనవేలితో నొక్కి, పురుగును బయటికి తీసి నాకే చూపించాడు. లాటంతా పక్కన పెట్టేశాడు. బాడుగ దండగని వెనక్కి తేలేదు, రోడ్డు పక్కనే పారబోసి వచ్చాను.

తాళం తీయించండి సార్. ట్రైనింగే అడ్డమైతే ఇంటర్ చదివే మా పిల్లోడికి నేర్పించండి, ఫోన్‌లో వాడికి రానిది లేదు. కొత్త మిషన్లు మేం అడగడం లేదు. ఉన్నదాని తాళం తీయించండి, అంతే.

మళ్లీ నారు నాటి ఇరవై రోజులైంది. నిన్న పొద్దున ఒక ఆకు మీద తెల్లమచ్చ కనపడింది. అది ఊజో, ఎండిన మందు చుక్కో తేల్చుకోలేక అట్లే నిలబడి ఉన్నాను.

ఇట్లు,
పత్తికొండ ప్రాంత టమోటా రైతు, కర్నూలు జిల్లా