రెండో వ్యూ పాయింట్ కింద నుంచి ఎందుకు తిప్పేశానంటే

పోయిన ఆదివారం వికారాబాద్ దగ్గరి అనంతగిరి గుట్టల నడకకు వచ్చిన 22 మందికి, వాళ్ల దగ్గర విని నాకు ఫోన్ చేసిన మిగతావాళ్లకు ఇది రాస్తున్నాను. తెల్లవారి ఐదున్నరకు మెహదీపట్నంలో ఎక్కాల్సిన బస్సు తొమ్మిదికి వచ్చింది. రెండు వ్యూ పాయింట్లకు డబ్బు తీసుకుని ఒక్కటే చూపించాను.

ముందు బస్సు సంగతి. ఆ ట్రావెల్స్‌తో నాకు ఆరేళ్ల లెక్క. కరోనా తర్వాత వాళ్ల బండ్లు ఖాళీగా నిలబడ్డ రోజుల్లో, ఎనిమిది మందే వచ్చినా కారు చూసుకోకుండా వాళ్ల బస్సే మాట్లాడాను. శనివారం రాత్రి పదింటికి కూడా ఓనర్ "మీరు నిశ్చింతగా పడుకోండి అక్కా" అన్నాడు. పొద్దున ఐదూ నలభైకి డ్రైవర్ "లంగర్ హౌజ్ దాటాను" అన్నాడు. అక్కడి నుంచి మెహదీపట్నం ఎంత దూరమో మీకు చెప్పక్కర్లేదు. ఆరున్నరకు ఫోన్ ఎత్తలేదు. ఏడున్నరకు ఓనర్ ఎత్తి అసలు సంగతి చెప్పాడు. కార్తీకం ముహూర్తాలు, మన బస్సు పెళ్లివారిని దింపడానికి వెళ్లి ఇంకా తిరిగి రాలేదు. అడ్వాన్స్ నాది, బండి పెళ్లివారిది. రాత్రే చెప్పి ఉంటే ఇంకో బండి చూసుకునేదాన్ని. ఆ అబద్ధం నాకు ఇంకా మింగుడు పడటం లేదు.

అప్పుడే నడక రద్దు చేసి మిమ్మల్ని ఇళ్లకు పంపాల్సింది. "వచ్చేస్తుంది, ఇంకాస్త ఆగండి" అని బతిమాలింది నేనే. ఆ తప్పు నాది.

సాయంత్రం 4:50కి రెండో పాయింట్ ఎక్కే రాళ్ల దారి మొదట్లో నిలబడ్డాం. పైకి అరగంట. ఈ రోజుల్లో ఐదూ నలభైకే పొద్దు గూకుతుంది, చెట్ల కింద ఇంకా ముందే చీకటి పడుతుంది. టార్చిలు నాలుగే. మనలో ఇద్దరు పిల్లలు, మోకాలికి పట్టీ వేసుకున్న పెద్దాయన ఉన్నారు. బాగా నడిచేవాళ్లను పదిమందిని పైకి పంపి, మిగతావాళ్లను కింద కూర్చోబెడదామా అని కూడా అనుకున్నాను. కానీ దారి తెలిసినవాళ్లం ఇద్దరమే, నేనూ మా గైడూ. గుంపు రెండైతే తలా ఒకవైపు ఉండాలి. పైన ఎవరికైనా కాలు మెలిపడితే ఆ ఒక్కరు ఏం చేయగలరు? తిరిగి వెళ్దామన్నప్పుడు నా గొంతు కటువుగా వచ్చింది, అందుకు క్షమించండి. తిప్పినందుకు మాత్రం క్షమాపణ చెప్పను.

తిరుగు ప్రయాణంలో వెనక సీట్లోంచి "దీనికి కేబీఆర్ పార్కుకు పోయినా సరిపోయేది" అన్న మాట విన్నాను. మూడున్నర గంటలు రోడ్డు మీద నిలబడ్డ మనిషి అన్న మాట, తప్పు పట్టను. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ నడకను కార్తీకంలోనే పెట్టడం ఊరికే కాదు. మన దగ్గర శరత్తులో ఆకు రాలదు. టేకు, మోదుగ బోడిగా అయ్యేది శిశిరం వచ్చాకే. ఇప్పుడు అడవి ఇంకా పచ్చగా ఉంది, వానలు కడిగిన గాలిలో లోయ చివరిదాకా కనబడుతుంది. ఇంకో నెల పోతే గడ్డి అంతా ఎండిపోతుంది. మూసీ పుట్టిన ఆ గుట్టల్ని ఈ పచ్చదనంలో మీకు చూపించాలనే నా తాపత్రయమంతా.

ఒక్కొక్కరు కట్టిన 1,400లో 700 వెనక్కి వేశాను, అందకపోతే చెప్పండి. వచ్చే ఆదివారం కాక, ఆపై ఆదివారం మళ్లీ వెళ్తున్నాం. ఆ 22 మందీ మళ్లీ డబ్బు కట్టక్కర్లేదు, కొత్తవాళ్లను తీసుకోవడం లేదు. ట్రావెల్స్ ఓనర్ సగం రేటుకే బస్సు ఇస్తానన్నాడు. వద్దన్నాను, ఊరికే ఇచ్చినా వద్దు. లింగంపల్లిలో రైలెక్కి వికారాబాద్‌లో దిగుదాం. అక్కడి నుంచి గుట్ట ఐదారు కిలోమీటర్లే. నేనే వెళ్లి ఆటోవాళ్లతో ఎదురెదురుగా మాట్లాడి వచ్చాను. రైలు టైము వాట్సాప్‌లో పెడతాను. టార్చిలు 25 కొన్నాను.

ఈసారి రెండో పాయింటే ముందు ఎక్కుదాం.