ఒక్క పేపరు దిద్దలేక

నాన్నగారికి నమస్కారం.

నేను బాగానే ఉన్నాను. మొన్న ఫోన్లో పొడిపొడిగా మాట్లాడానని అమ్మ నొచ్చుకుని ఉంటుంది. ఆ రోజు నా ధ్యాసంతా ఒక కుర్రాడి వ్యాసం మీదే ఉంది. ముప్ఫై ఏళ్లు పేపర్లు దిద్దారు కాబట్టి మీకే రాస్తున్నాను.

ఈ సెమిస్టర్ ఫస్టియర్ ఫిలాసఫీ పేపర్లు నాకు పడ్డాయి. దేవుణ్ణి నమ్మడానికి కారణాలు కావాలా అన్నది ప్రశ్న. ఇతను మొదటి వాక్యంలోనే తేల్చేశాడు: నమ్మితే పోయేదేమీ లేదు, దేవుడుంటే లాభమే. రెండు పేజీలు ఇదే. ఫ్రెంచి తత్వవేత్త పాస్కల్ వేసిన పందెం లెక్క ఇదేగా! పాస్కల్ 1662లో పోతే, ఆ మాటలు 1670లో అచ్చయ్యాయి. ఈ పిల్లాడు ఆయన పేరు కూడా ఎత్తలేదు. సొంతంగా తట్టిందో, ఎక్కడైనా విన్నాడో గానీ, ముచ్చటేసింది.

ముచ్చటకి మార్కులుండవు కదా. పక్కన "ఏ దేవుడు?" అని రాశాను. ఇదే లెక్క ఒక ఇమాము కూడా వెయ్యగలడని ఫ్రెంచి రచయిత దిదెరో ఎప్పుడో అన్నాడు. పైగా లాభం ఉందన్నంత మాత్రాన నమ్మకం పుట్టుకొస్తుందా? ఈ చిక్కు పాస్కల్‌కి తెలుసు. ముందు నమ్మేవాళ్లలా నడుచుకో, మిగతాది అదే వస్తుందన్నాడు. మనవాడు అంతదూరం వెళ్లలేదు. ఒకచోట "కోట్లమంది నమ్ముతున్నారు" అన్నాడు, దానికింద గీత గీసి ఊరుకున్నాను.

మూడో పేజీలో చెయ్యి ఆగింది. తమ్ముడికి ఆపరేషన్ జరుగుతుంటే బయట కూర్చుని ప్రార్థన చేశాడట. తమ్ముడు బతికాడు. తర్వాత వాక్యం: "బతక్కపోయినా ప్రార్థన మానేవాణ్ణి కాదు."

చూశారా నాన్నా, ఈ ఒక్క వాక్యంతో తన రెండు పేజీల లెక్కనీ తనే కొట్టేసుకున్నాడు. లాభం చూసుకునేవాడు అనే మాట కాదది. వ్యాసం అక్కణ్ణుంచి మొదలవ్వాలి. అతనేమో మళ్లీ పందెంలోకి వెళ్లి ముగించాడు. సీ ప్లస్ వేసి పక్కన పెట్టాను.

పడుకున్నాక ముందురోజు దిద్దిన ఇంకో పేపరు గుర్తొచ్చింది. దేవుడు లేడని సైన్సు ఎప్పుడో తేల్చేసిందని ఒకమ్మాయి రాసింది. ఎవరు, ఎలా తేల్చారో ఒక్క ముక్క లేదు. లేచి తీసి చూస్తే దానికి నేనేసింది ఏ మైనస్! పక్కన ఒక్క ప్రశ్న కూడా లేదు. నాకు దేవుడి మీద నమ్మకం లేదని మీకు తెలుసు. నా మాటే తను చెప్పింది కాబట్టి కారణం అడగాలని కూడా తోచలేదు.

ఓడ పాతదని తెలిసీ, ఏమీ కాదులే అని తనకి తాను నచ్చజెప్పుకుని దాన్ని సముద్రం మీదికి పంపిన యజమాని గురించి ఇంగ్లీషు తత్వవేత్త క్లిఫర్డ్ 1877లో రాశాడు. సాక్ష్యం లేకుండా నమ్మాడు కాబట్టి, ఓడ క్షేమంగా తిరిగొచ్చినా అతనిది తప్పే అంటాడు. ఆ ఉదాహరణ క్లాసులో చెప్పింది నేనే.

పేర్లు కనబడకుండా మడిచి అన్ని పేపర్లూ మళ్లీ దిద్దాను. ఆ అమ్మాయిది బీకి దిగింది. కుర్రాడిది బీ మైనస్‌కి ఎక్కింది, అంతకంటే ఎక్కించలేకపోయాను. చివర, క్లిఫర్డ్‌నీ, 1896లో ఆయనకి జవాబు చెప్పిన అమెరికన్ తత్వవేత్త విలియం జేమ్స్‌నీ చదవమని రాశాను. సాక్ష్యం ఎటూ తేల్చలేని చోట, తేల్చుకోక తప్పనప్పుడు, మనసు చెప్పినట్టు నమ్మే హక్కు మనిషికుందంటాడు జేమ్స్. ఆ ప్రార్థన వాక్యానికి దన్ను అక్కడ దొరకొచ్చు.

నిన్న కుర్రాడు వచ్చాడు. మార్కుల గురించి అడగలేదు. "మీరు నమ్ముతారా సార్?" అన్నాడు. పేపరు సంగతి మాట్లాడుకుందాం అన్నాను. తలూపాడు గానీ మొహం చిన్నబోయింది.

మీరు దేవుణ్ణి నమ్మే మనిషి. ఎదురు వాదించే పిల్లల పేపర్లూ దిద్దే ఉంటారు. మీరైతే ఏమనేవారు? ఆదివారం ఫోన్ చేస్తాను. అమ్మకి ఇచ్చేముందు చెప్పండి.

మీ అబ్బాయి